ఫిలిప్పీన్స్ మిషన్‌లో మొదటి ఆరు వారాలు: రోజు ఎలా గడపాలి, ఏం సరిచూసుకోవాలి

మిషన్ పిలుపు, అంటే మన కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున వేరే చోటికి వెళ్లి సువార్త చెప్పే సేవకు పిలుపు, అందిన ఇళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వెళ్లబోయేవాళ్లు "అక్కా, పెట్టెలో ఏం పెట్టుకోవాలి?" అంటారు. వాళ్లమ్మ ఫోను అందుకుని "అక్కడ అన్నం దొరుకుతుందా తల్లీ?" అంటుంది. నాన్న అన్నీ విని చివర్లో "ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారమ్మా?" అని అడుగుతారు. ముగ్గురికీ ఒకేసారి జవాబుగా ఇది రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరం నుంచి వెళ్లి ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ ద్వీపంలో, టగాలోగ్ మాట్లాడే చిన్న పట్టణాల్లో, పల్లెల్లో 18 నెలలు సేవ చేశాను. మొదటి వారాల్లోనే డీలాపడిన మిషనరీలను అక్కడ చాలామందిని చూశాను. విశ్వాసం సన్నగిల్లి కూలబడినవారు వాళ్లలో బహు తక్కువ. నిద్ర చాలనివారు, కడుపు చెడినవారు, పాదాలు పుండ్లుపడినవారు, పక్క మంచం మీది మనిషితో మాట కలవనివారే ఎక్కువ. ఈ నాలుగూ మన చేతిలో ఉన్నవే కాబట్టి వాటి గురించే ఎక్కువగా చెబుతాను.

మన సంఘం గురించి తెలియని బంధువులకు మీరు ఇలా చెప్పవచ్చు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని బయటివారు మోర్మన్ సంఘం అంటారు. 2012లో భారతదేశంలోని మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాదులో ఏర్పడింది. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు మిషన్ సేవ చేస్తారు. ఏ దేశం వెళ్లాలో మనం ఎంచుకోం, పిలుపులోనే వస్తుంది. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉంటాం, ఆ రెండో మనిషినే సహచరి లేదా సహచరుడు అంటాం. జీతం ఉండదు. ఇంట్లోవాళ్లు ఎంత భరించాలన్నది మీ స్థానిక సంఘానికి పెద్ద అయిన బిషప్‌తో నేరుగా మాట్లాడుకోండి, పక్కింటివాళ్ల లెక్క మీకు వర్తించకపోవచ్చు.

వెంట ఉండాల్సినవి

పిలుపుతోపాటు వచ్చే జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని తప్పకుండా పాటించండి. అందులో లేనివి, నా అనుభవంలో పనికొచ్చినవి ఇవి:

- అలవాటైన రెండు జతల బూట్లు. కొత్తవైతే బయలుదేరే నెల ముందు నుంచీ రోజూ వేసుకుని నడవండి. సులువుగా విప్పి తొడుక్కునేవి మేలు. అక్కడ కూడా చాలా ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు.
- చిరుగుల్లేని మేజోళ్లు, కనీసం ఎనిమిది జతలు. వానాకాలంలో ఒక పట్టాన ఆరవు.
- గాలి ఆడే, తొందరగా ఆరే బట్టలు. మందపాటి ముదురు రంగు స్కర్టు ఒక్కటి చాలు. సిస్టర్లకు, అంటే మిషనరీ అమ్మాయిలకు, ఇప్పుడు ప్యాంటు కూడా అనుమతే. అబ్బాయిలు తెల్ల చొక్కాలు మరో రెండు ఎక్కువే పెట్టుకోండి, మెడపట్టీలు చెమటకు త్వరగా పసుపెక్కుతాయి.
- గట్టి మడత గొడుగు. ఎండకూ వానకూ అదే. సంచికి ప్లాస్టిక్ తొడుగు కూడా కొనండి.
- పాస్‌పోర్టు నకళ్లు, టీకాల కాగితాలు, మీరు వాడే మందుల చీటీ. నీరు చొరని ఒకే కవరులో పెట్టండి.
- సీలు తీయని కారం, పసుపు, ధనియాల పొడి, ఇంగువ. అక్కడి విమానాశ్రయంలో తినుబండారాల గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవకాయ జాడీ మాత్రం వద్దు. నూనె కారి నా ఐదు చొక్కాలు పోయాయి.
- ఇంట్లోవాళ్ల ఫోటోలు, కాగితం మీద అచ్చువేసినవి పది. జనం ఇంట్లో కూర్చున్నాక మొదటి మాట వాటి నుంచే మొదలవుతుంది.

కందిపప్పు మోసుకెళ్లకండి, బరువు దండగ. అక్కడ పెసలు ఊరూరా దొరుకుతాయి.

1. రోజును రాత్రే మొదలుపెట్టండి

సాధారణంగా పొద్దున 6:30కి లేవాలి, రాత్రి 10:30కి దీపం ఆర్పాలి. మిషన్‌ను బట్టి ఈ వేళలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. అక్కడి మిషనరీలందరికీ పెద్ద అయిన మీ మిషన్ అధ్యక్షుడు చెప్పిందే మీకు లెక్క. లేచాక అరగంట వ్యాయామం, స్నానం, ఫలహారం, సొంత లేఖన పఠనం, సహచరితో కలిసి చదవడం, భాషాభ్యాసం ఉంటాయి. ఆపైన వీధిలోకి.

అందరూ చేసే పొరపాటు పడుకునే ముందు జరుగుతుంది. ఇల్లు చేరాక డైరీ రాస్తూ, కబుర్లు చెప్పుకుంటూ పదకొండున్నర చేస్తారు. మూడో రోజుకు చదువుతూనే తల వాలిపోతుంది. దాన్ని ఆత్మీయ బలహీనత అనుకుని ఏడుస్తారు. అది నిద్రలేమి, అంతే. తొమ్మిదిన్నరకల్లా రేపటి బట్టలు, నీళ్ల సీసా, చిల్లర నాణేలు, గొడుగు తలుపు దగ్గర పెట్టేయండి. డైరీ నాలుగు వాక్యాలు చాలు.

సరిచూసుకోవడం ఎలా: మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరింట్లోనైనా కూర్చున్నప్పుడు కళ్లు వాటంతట అవే మూసుకుంటుంటే, వారం పాటు పది గంటలకే పడుకోండి. అప్పటికీ తగ్గకపోతే రక్తం తక్కువైందేమో వైద్యుడికి చూపించాలి.

2. భాషను పుస్తకంలోంచి వాకిట్లోకి తెండి

శిక్షణ కేంద్రంలో నేర్పిన టగాలోగ్ శుభ్రమైనది. వీధిలో జనం మాట్లాడేది వేగంగా, సగం ఇంగ్లీషు కలిపి ఉంటుంది. మొదటి వారం ఒక్క ముక్కా అర్థం కాకపోతే కంగారు వద్దు. తెలుగువారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. టగాలోగ్‌లో 'పో' అనే మాట అచ్చం మన 'అండీ' లాంటిది. 'సలామత్' అంటే కృతజ్ఞత, 'సలామత్ పో' అంటే కృతజ్ఞతలండీ. 'ఓపో' అంటే అవునండీ. పెద్దవాళ్లతో 'పో' లేకుండా మాట్లాడితే మన దగ్గర తాతగారిని 'నువ్వు' అన్నట్టే. అమెరికా నుంచి వచ్చిన సహచరులు నెలల తరబడి మరిచిపోయేది మనకు మొదటి రోజే నాలుకకు పట్టుకుంటుంది.

వరుసలు కూడా మనలాగే. పెద్దక్క 'అతే', అన్న 'కూయా', అమ్మ 'నానాయ్'. ఒక్కచోట జాగ్రత్త: 'తాతాయ్' అంటే తాత కాదు, నాన్న. తాత 'లోలో', నాయనమ్మా అమ్మమ్మా 'లోలా'. ఇంకొకటి, 'హిందీ' అంటే టగాలోగ్‌లో 'కాదు' అని. మీ భాషేమిటని అడిగితే తెలుగు అని ఒక్క మాటలో చెప్పండి. 'హిందీ కాదు, తెలుగు' అని వివరించబోతే ఎదుటివారు తికమకపడతారు.

పద్ధతి ఇది. రోజుకు పది మాటలు, మూడు పూర్తి వాక్యాలు రాసుకోండి. ఆ మూడు వాక్యాలనూ అదే రోజు ముగ్గురు వేర్వేరు మనుషులతో అనండి. వాళ్లు దిద్దితే అక్కడే నిలబడి దిద్దిన మాటను మళ్లీ పలకండి. పిల్లలే అందరికంటే మంచి గురువులు, మొహమాటం లేకుండా తప్పు పట్టుకుంటారు. సహచరి ఫిలిప్పీన్స్ అమ్మాయి అయితే మీ అదృష్టం. కాకపోతే ప్రతి ఆదివారం ఆరాధన తరువాత సంఘంలోని ఒక పెద్దావిడను పావుగంట అడిగి తీసుకోండి.

సరిచూసుకోవడం: రెండో వారం చివరికి కాగితం చూడకుండా ప్రార్థన చేయగలగాలి. ఆరో వారానికి జీప్నీలోంచి (అందరూ ఎక్కే అక్కడి చిన్న బస్సు) సహచరి సాయం లేకుండా దిగగలగాలి. ఇంతకంటే ఎక్కువ ఆశించి కుమిలిపోకండి.

3. గేటు దగ్గర ఎలా నిలబడాలి

తలుపు తట్టరు. గేటు బయట నిలబడి "తావో పో!" అని పిలుస్తారు. మాటకు మాట తెలుగులో చెప్పాలంటే "మనిషినండీ". నాకు చాలా నచ్చిన పిలుపు ఇది. మూడుసార్లు పిలవండి, ఎవరూ రాకపోతే వెళ్లిపోండి. గేటు మీరు తెరవకండి. కుక్కలుంటాయి.

భారతదేశం నుంచి వెళ్లేవారు తప్పనిసరిగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. అక్కడ మనవాళ్లను 'బుంబాయ్' అంటారు. మోటారు సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చి, రోజువారీ వసూలు చేసుకునే పంజాబీ వ్యాపారులు అక్కడ దశాబ్దాలుగా ఉన్నారు. ఐదు ఇస్తే ఆరు తిరిగి కట్టాలి కాబట్టి ఆ అప్పుకు 'ఫైవ్-సిక్స్' అని పేరు. అల్లరి చేసే పిల్లలను 'బుంబాయ్ పట్టుకుపోతాడు' అని బెదిరించే తల్లులు కూడా ఉన్నారు. కాబట్టి మీ ముఖం గేటు దగ్గర కనబడగానే లోపల ఎవరో దీపం ఆర్పవచ్చు, పిల్లవాడు ఏడుస్తూ పరుగెత్తవచ్చు.

నాకు మొదటి వారంలోనే ఇది జరిగింది. ఒక తల్లి కిటికీ సందులోంచి "ఇవాళ డబ్బు లేదు, రేపు రండి" అంది. రాత్రంతా మనసు బాధపడింది. తరువాత ఆలోచిస్తే ఆమె భయపడింది నన్ను చూసి కాదు, తన అప్పును చూసి. ఆ మాట పట్టుకుని కోపం తెచ్చుకుంటే ఆ ఇంటి కష్టం మనకు ఎప్పటికీ అర్థం కాదు. చేయాల్సింది ఇంతే: నల్లని నేమ్‌ట్యాగు బాగా కనబడేలా పెట్టుకోండి, సహచరిని ఒక అడుగు ముందు నిలబడనివ్వండి, నవ్వుతూ సంఘం పేరు ముందు చెప్పండి, మీ పేరు తరువాత. మూడోసారి అదే వీధికి వెళ్లేసరికి పిల్లలు మీ పేరుతోనే పిలుస్తారు.

మరికొన్ని జాగ్రత్తలు. పురుషుడు ఒక్కడే ఉన్న ఇంట్లోకి సిస్టర్లు, స్త్రీ ఒక్కతే ఉన్న ఇంట్లోకి ఎల్డర్లు (మిషనరీ అబ్బాయిలు) వెళ్లకూడదు. వాకిట్లో నిలబడి మాట్లాడి, సంఘ సభ్యులతో మళ్లీ వస్తామని చెప్పండి. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లలకు పాఠాలు చెప్పకండి. ఆ దేశంలో అత్యధికులు కేథలిక్కులు. వారి ఇంట్లోని బాల యేసు విగ్రహం గురించి, ఊరి ఉత్సవం గురించి ఒక్క తేలిక మాట కూడా మీ నోట రాకూడదు. వినడానికి ఇష్టంలేదన్నవారికి నమస్కరించి వచ్చేయండి. ఒత్తిడి పెట్టి ఒప్పించిన బాప్తిస్మం ఎవరికీ మేలు చేయదు, మీకు అసలే చేయదు.

పెద్దలు చేయి చాచితే ఆ చేతిని మీ నుదుటికి ఆనించుకోండి. దాన్ని 'మానో' అంటారు. మన పాదాభివందనానికి దగ్గరి మర్యాద.

4. తిండి: ఏం అడగాలి, ఏం వద్దనాలి

అన్నం మూడు పూటలా ఉంటుంది, ఆ దిగులు వద్దు. అమ్మకు చెప్పండి: మునగాకును అక్కడ 'మలుంగ్గాయ్' అంటారు, కాకర 'అంపలాయా', వంకాయ 'తాలోంగ్', తూటికూర 'కాంగ్‌కోంగ్'. చింతపండుతో చేసే 'సినిగాంగ్' మన పులుసుకు చుట్టమే. ఎండుచేపలు 'తుయో'. ఇంటి వెనుక మునగచెట్టు ఉన్నవారిని అడిగితే గుప్పెడు కోసి ఇస్తారు.

కూరగాయ అని వడ్డించిన దాంట్లో కూడా పంది ముక్కలో, 'బాగూంగ్' అనే పులియబెట్టిన రొయ్యల ముద్దో ఉండటం మామూలు. కాబట్టి తిననివి ఉంటే మాంసాల పేర్లు ముందు నేర్చుకోండి: 'బాబోయ్' పంది, 'బాకా' గొడ్డు మాంసం, 'మనోక్' కోడి, 'ఇస్దా' చేప. 'దినుగువాన్' పంది రక్తంతో చేసేది. వద్దనుకుంటే ముఖం చిట్లించకుండా, మొదటి ముద్దకు ముందే చెప్పాలి. పళ్లెంలో వేయించుకుని వదిలేయడం వారిని ఎక్కువ నొప్పిస్తుంది.

జ్ఞానవాక్యం, అంటే కాఫీ, టీ తాగకూడదనే మన సంఘం ఆరోగ్య నియమం సంగతి. ప్రతి ఇంట్లో కాఫీ ఇవ్వబోతారు. "సలామత్ పో, నీళ్లు చాలండీ" అనండి. ఊరికే వద్దంటే చిన్నబుచ్చుకుంటారు కనుక బదులుగా ఏదైనా అడగడం మంచిది: కలమాన్సీ అనే చిన్న నిమ్మ రసం, లేదా 'సలాబాత్' అనే అల్లం కషాయం. సీసాల్లో, గ్లాసుల్లో చల్లగా ఇచ్చే ఐస్‌డ్ టీ కూడా టీయే. కొత్తవాళ్లు చాలామంది దీన్ని గమనించరు.

ఎవరైనా తింటూ ఉండగా మీరు వెళ్తే "కాయిన్ తాయో" అంటారు, అంటే తిందాం రండి అని. మన ఇళ్లలో "భోంచేసి వెళ్లండి" అన్నట్టే, మొదటిసారి అది మర్యాద. "బుసోగ్ పా పో అకో", ఇంకా కడుపు నిండుగా ఉందండీ అని చెప్పండి. రెండోసారీ పిలిచి పళ్లెం పెడితే కూర్చోండి. కూర్చున్నా కొంచెమే తినండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ కుండలో ఉన్నది ఆ పిల్లల రాత్రి అన్నం కావచ్చు, అయినా వారు అతిథికే ముందు పెడతారు. మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఆరు ఏడు మధ్య సంఘ సభ్యుల ఇళ్లకు చెప్పకుండా వెళ్లడం మానుకోవడమే ఉత్తమం.

నీళ్లు: కుళాయి నీరు తాగకండి. వీధి వీధికీ శుద్ధి చేసిన నీటి దుకాణాలుంటాయి, పెద్ద నీలం డబ్బాలు ఇంటికే తెచ్చిస్తారు. పళ్లు తోముకోవడానికి కూడా మొదటి నెల ఆ నీరే వాడండి. ఐసు ముక్కల గురించి అడిగాకే తాగండి.

5. నడక, ప్రయాణం, వాన

జీప్నీలో వెనుక కూర్చుంటే డబ్బు డ్రైవరు దాకా చేతులు మారుతూ వెళ్తుంది. "బయాద్ పో" అని అందిస్తే పక్కవారు ముందుకు పంపుతారు. దిగాలంటే "పారా పో" అని గట్టిగా అనాలి. చిల్లర ముందే చేతిలో ఉంచుకోండి. సంచి ఒళ్లో ఉండాలి, వీపున కాదు.

పాదాలను రోజూ రాత్రి చూసుకోండి. బొబ్బ లేస్తే పగలగొట్టకుండా పట్టీ వేయండి. తడిసిన బూట్లలో నలిపిన పాత వార్తాపత్రిక కుక్కి, రెండో జత వేసుకోండి. ఒకే జత రోజూ వేసుకుంటే వేళ్ల మధ్య ఒరుపు తప్పదు.

వరద నీటిలో దిగడం గురించి గట్టిగా చెబుతున్నాను: దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది ప్రాణాంతకం కాగలదు. పాఠం వాయిదా వేయండి. తప్పనిసరై దిగాల్సి వస్తే ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కుని, ఆ సంగతి మిషన్‌కు అదే రోజు చెప్పండి. తరువాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే వైద్యుడికి వరద నీటి మాట ముందుగా చెప్పాలి.

తుఫాను హెచ్చరికలకు అక్కడ ఒకటి నుంచి ఐదు వరకు సంకేత సంఖ్యలుంటాయి. మన కోస్తావారికి ఓడరేవుల్లో ఎగరేసే సంఖ్యలు తెలుసు కాబట్టి ఇది కొత్తగా అనిపించదు, కానీ ఆ అంకెలకూ ఈ అంకెలకూ అర్థం ఒకటి కాదు. మూడు రోజులకు సరిపడే నీరు, డబ్బాల్లోని తిండి, టార్చి, పవర్‌బ్యాంకు, మందులు, కాగితాలు ఒక సంచిలో ఎప్పుడూ కట్టి ఉంచండి. 2013 నవంబరులో హయాన్ తుఫాను (అక్కడి పేరు యొలాండా) టక్లోబాన్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు ఆ మిషన్‌లోని మిషనరీలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. కదలమన్నప్పుడు కదలాలి, లోపల ఉండమన్నప్పుడు ఉండాలి. ఫోను ఛార్జింగు నిండుగా ఉంచి, వచ్చిన ప్రతి సందేశానికీ 'క్షేమం' అని వెంటనే బదులివ్వాలి.

6. సహచరి, సహచరుడు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పెట్టె సర్దేటప్పుడు దీని గురించి ఎవరూ అడగరు, వెళ్లిన పదో రోజున అందరూ దీని గురించే రాస్తారు.

స్నానాల గది తప్ప ఎక్కడైనా ఒకరికొకరు కనబడుతూ, వినబడుతూ ఉండాలి. ఎవరితో ఉండాలో మీరు ఎంచుకోరు. ఆరు వారాలకోసారి బదిలీలు వస్తాయి, అప్పుడు మారవచ్చు, మారకపోవచ్చు. మొదటి 12 వారాలు మీకు శిక్షణ ఇచ్చే సీనియరు ఉంటారు. సొంత అక్కాచెల్లెళ్లు కూడా ఇంత దగ్గరగా బతకరు.

నా రెండో సహచరి నాతో నాలుగు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. వీధిలో నవ్వుతూ పాఠం చెప్పేది, ఇంటికి రాగానే గోడవైపు తిరిగి పడుకునేది. నేను చేసిన తప్పేమిటో తెలియదు, అడగడానికి అహం. ఐదో రోజు అడిగాను. నేను పొద్దున్నే ఎండుమిర్చి పోపు వేస్తున్నాను, ఒకే గది ఇల్లు, ఆమెకు ఉబ్బసం. దగ్గు ఆపుకుంటూ నన్ను నొప్పించకూడదని ఊరుకుంది. నాలుగు రోజులు ఊపిరికి ఇబ్బందిపడిన మనిషిని నేను 'పొగరు' అనుకున్నాను. ఆ తరువాత పోపు వాకిట్లో పొయ్యి మీద పెట్టుకున్నాను. ఇప్పటికీ ప్రతి క్రిస్మసుకు ఆమె నాకు ఫోను చేస్తుంది.

అందుకని చేరిన మొదటి రాత్రే ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడగండి. ఫ్యాను ఎటు తిప్పాలి? ఏ వాసన పడదు? ఏదైనా జబ్బు ఉందా, మందు ఎక్కడ పెడతావు? కోపం వస్తే మాట్లాడతావా, మౌనంగా ఉంటావా? ఇంటి పని ఎవరిది ఏ రోజు? నీతో పాఠంలో నేను తప్పు మాట్లాడితే అక్కడే దిద్దాలా, బయటకు వచ్చాకా?

వారానికోసారి, వారపు ప్రణాళిక వేసుకునేటప్పుడు, ఇద్దరూ కూర్చుని ఒకరి గురించి ఒకరు మాట్లాడుకునే సమయం ఉంటుంది. దాన్ని 'అంతా బాగుంది' అని రెండు నిమిషాల్లో ముగించకండి. ముందు ఆమె చేసిన ఒక మంచి పనిని పేరుపెట్టి చెప్పండి, తరువాత మీకు కష్టమైన ఒక్కదాన్ని చెప్పండి. ఒక్కదాన్నే. ఐదు కలిపి చెబితే అది ఫిర్యాదుల చిట్టా అవుతుంది.

కుదరనే కుదరకపోతే? ముందు జిల్లా నాయకుడికి (చుట్టుపక్కల కొద్దిమంది మిషనరీలను చూసుకునే మిషనరీ), సిస్టర్లయితే సిస్టర్ శిక్షణ నాయకురాలికి చెప్పండి. ఒక రోజు జంటలు మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, ఆ ఒక్క రోజే చాలాసార్లు గాలి మారుస్తుంది. అయితే ఒక గీత ఉంది. మిమ్మల్ని కొట్టినా, అసభ్యంగా ప్రవర్తించినా, మీకు ప్రమాదం అనిపించినా ఇవన్నీ దాటేసి అదే గంటలో మిషన్ అధ్యక్షుడికి ఫోను చేయండి. అది చాడీ కాదు.

7. ఒంట్లో బాగోకపోతే

నాన్నలు అడిగే ప్రశ్నకు జవాబు: మిషన్ కార్యాలయంలో ఆరోగ్య విషయాలు చూసేవారుంటారు, అవసరమైతే ఆసుపత్రికి పంపుతారు. కానీ మీరు చెబితేనే వారికి తెలుస్తుంది. 'పని ఆగిపోతుంది' అని దాచడం మనవాళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు.

కుక్క కరిచినా గీరినా ఆ చోటును సబ్బు పెట్టి ధారగా 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి. చిన్న గీతే కదా అని ఆగకండి. జ్వరం వస్తే డెంగీ కావచ్చు. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది, కాబట్టి లేపనం పొద్దున బయలుదేరే ముందు రాసుకోవాలి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్, మూడు రోజులు గంజి. ఉపవాస ఆదివారం నాడు మీకు జ్వరం ఉన్నా, మందులు వాడుతున్నా ఉపవాసం చేయకండి.

8. పి-డే ఎలా వాడుకోవాలి

పి-డే అంటే ప్రిపరేషన్ డే: వారంలో ఒక రోజు, చాలాచోట్ల సోమవారం, సాయంత్రం వరకు మన పనులకు. బట్టలు, సరుకులు, ఇల్లు, ఉత్తరాలు, ఫోను. కొత్తవారు పొద్దున ఆట, మధ్యాహ్నం షికారు పెట్టుకుని బట్టలు సాయంత్రానికి వదిలేస్తారు. వాన పడుతుంది. మంగళవారం తడి చొక్కా. కాబట్టి బట్టలు అన్నిటికంటే ముందు.

2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి ఫోను, వీడియో మాట్లాడుకోవచ్చు. అంతకుముందు వెళ్లినవారు ఏడాదికి రెండుసార్లే గొంతు వినేవారు. మనీలా మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే అక్కడ పది అయితే ఇంట్లో ఏడున్నర. ఒకే వేళ ఖాయం చేసుకోండి. అమ్మ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఏడుపు వస్తే ఏడవండి, కానీ ఫోను పెట్టేముందు ఆ వారం మీరు తిన్నది, నవ్వినది ఒక్కొక్కటి చెప్పండి. లేకపోతే వారమంతా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

డబ్బు: నెల ఖర్చు చేతికి రాగానే నాలుగు కవర్లలో వేసి తేదీలు రాయండి. ప్రయాణానికి మరో కవరు. ఎవరు అడిగినా అప్పు ఇవ్వకండి, తీసుకోకండి. కష్టంలో ఉన్నవారి సంగతి స్థానిక బిషప్‌కు చెప్పండి.

9. ఇంటి బెంగ

పదో రోజుకు, మళ్లీ నాలుగో వారానికి గట్టిగా వస్తుంది. ఆ రోజు పెద్ద నిర్ణయాలు వద్దు. స్నానం చేయండి, వేడి అన్నం తినండి, మరొకరికి ఉపయోగపడే చేతిపని ఏదైనా చేయండి: ఒక లోలాకు నీళ్లు మోయండి, ఎవరింట్లోనైనా గిన్నెలు కడగండి.

కానీ రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటే, లేదా ఎప్పుడైనా చనిపోవాలనిపిస్తే అది బెంగ కాదు, అనారోగ్యం. అధ్యక్షుడికి చెప్పండి, సలహాదారుతో మాట్లాడించమని అడగండి. గడువుకు ముందే ఇంటికి రావాల్సి వస్తే రండి. తల్లిదండ్రులకు నా మనవి: అలా వచ్చిన బిడ్డను 'ఎందుకు వచ్చావు' అని అడగకండి. సంఘంలో నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో అక్కడే నలిగిపోయినవారిని నేను ఎరుగుదును. ఇంటి దగ్గర ఉండి చేసే సేవా మిషన్ కూడా ఉంది, అదీ పిలుపే.

10. శనివారం రాత్రి లెక్క

ఎన్ని పాఠాలు జరిగాయి వంటి సంఖ్యలు ప్రతి వారం పంపాలి. ఉన్నవే రాయండి. ఒక్క పాఠం కూడా జరగని వారం వస్తుంది, సున్నా అని రాయడానికి సిగ్గుపడకండి. ఆ నివేదిక పక్కన మీ సొంత పుస్తకంలో ఇవి రాసుకోండి: ఎన్ని రాత్రులు వేళకు పడుకున్నాను? పాదాలు ఎలా ఉన్నాయి? సహచరికి చెప్పకుండా మనసులో దాచుకున్నది ఏమైనా ఉందా? ఈ వారం ఎవరి పేరు కొత్తగా నేర్చుకున్నాను? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మీరు తలుపులే లెక్కపెట్టారు, మనుషులను చూడలేదు. మరుసటి వారం తక్కువ ఇళ్లకు వెళ్లి ఎక్కువసేపు కూర్చోండి.

11. బదిలీ వస్తే

ఆరో వారం చివర ఫోను వస్తుంది. ఒక రోజులో సర్దుకోవాలి. పెట్టె కంటే ముందు ఫోనులోని ఏరియా బుక్ (మనం వెళ్లే ఇళ్ల వివరాలు రాసుకునేది) సరిచేయండి. ప్రతి ఇంటికీ దారి, కుక్క ఉందా, ఏ వేళ ఖాళీ, ఎవరికి ఏ జబ్బు, ఏ మాట ఎత్తకూడదు అన్నీ రాయండి. "ఈ లోలాకు ఎడమ చెవి వినబడదు, కుడివైపు కూర్చోవాలి" అని నా ముందు పనిచేసిన సిస్టర్ రాసి వెళ్లింది. నేను ఆ ఇంట్లో మొదటి రోజే కుడివైపు కూర్చున్నాను. ఆ పెద్దావిడ నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అద్దె ఇల్లు తుడిచి, వంటగ్యాసు కట్టి, మిగిలిన బియ్యం సహచరికి అప్పగించండి. కారం సీసా మాత్రం మీ వెంట తీసుకెళ్లండి.